రాజుగారి బొమ్మ కాదు, తేదీ కుట్టండి

బ్రిటన్‌లో 2022 ఎలిజబెత్ రాణి జూబిలీకి, 2023 చార్లెస్ రాజు పట్టాభిషేకానికి కుట్టిన క్విల్టుల (అతుకుల బొంతల) ఫొటోలు చూసినప్పుడల్లా బాధేస్తుంది. గుడ్డ బాగుంటుంది, కుట్టు బాగుంటుంది, మధ్యలో ముఖం అచ్చు ఉంటుంది. ఏ రోజు, ఏ సందర్భం, ఎవరు కుట్టారు అన్నది మాత్రం చాలావాటిలో కనిపించదు. ఇంకో తరం చేతికి వెళ్లాక ఆ బొంత గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

రెండువందల ఏళ్ల కిందటి ఇంగ్లండు ఆడవాళ్లకు ఈ విషయం తెలుసు. అప్పట్లో రాజకుటుంబపు సందర్భాలకు నూలు గుడ్డ మీద అచ్చేసిన ప్యానెళ్లు అమ్మేవారు. వాటిని మధ్యలో పెట్టి, చుట్టూ వరస మీద వరసగా అతుకులు కుట్టుకుంటూ పోయేవారు. మూడో జార్జి ఏలుబడి యాభయ్యో ఏట పడ్డప్పుడు, అంటే 1809 అక్టోబరులో మొదలైన సంబరాలకు, ఇలాంటివి వచ్చాయి. ఆయన మనవరాలు యువరాణి షార్లెట్ పెళ్లి ప్యానెల్‌లో పూల నడుమ వధూవరుల పేర్లు, 1816 మే 2 అనే తేదీ ఉంటాయి. మరుసటి ఏడాది నవంబరులోనే ఆమె కాన్పయ్యాక చనిపోయింది. ఆ పెళ్లి తేదీ లేకపోతే అది ఒట్టి పూలదుప్పటి. 1820లో నాలుగో జార్జి భార్య కరొలైన్‌ను వదిలించుకోవడానికి పార్లమెంటులో బిల్లు పెట్టిస్తే, జనంలో చాలామంది ఆమె పక్షాన నిలిచారు. ఆమె పేరిట కూడా ప్యానెళ్లు వచ్చాయి. వీటన్నిటినీ రాజభక్తి అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్కటి చూడాలి. రాజుకు ఎదురుగా మాట్లాడిన బొంత ఇది.

అందుకే చెప్తున్నా, ముందు మధ్యభాగం తేల్చుకోండి. అచ్చు ప్యానెల్ వాడితే అది నిక్కచ్చి చతురస్రంగా ఉంటుందని నమ్మొద్దు. అచ్చు నేత దారానికి వంకరగా పడుతుంది, ఒక పక్క 22½ అంగుళాలుంటే ఇంకో పక్క 23 ఉంటుంది. ఇస్త్రీతో లాగి సరిచేస్తే ఉతికాక మళ్లీ వంకరే. చుట్టూ రెండంగుళాల సాదా పట్టీ వేసి, మొత్తాన్ని 24½ అంగుళాలకు కోయండి. పావంగుళం చొప్పున కుట్టుకు పోతే 24 మిగులుతుంది. దానికి 6 అంగుళాల బ్లాకులు (అతుకులతో కుట్టిన చదరపు ముక్కలు) పక్కకు నాలుగు సరిగ్గా కూర్చుంటాయి. ఆ వరస అయ్యాక 36, దానికి 4 అంగుళాల బ్లాకులు తొమ్మిది. అంచు పట్టీ కొలత గుడ్డ నడిమి నుంచి తీసుకోవాలి. అంచు వెంట కొలిస్తే సాగిన కొలత వస్తుంది, పట్టీ అలలు అలలుగా లేస్తుంది.

ఎరుపు, తెలుపు, నీలం కలిపేవాళ్లు తడి తెల్లగుడ్డను ఎర్రదాని మీద పెట్టి వేడి ఇస్త్రీ నొక్కి చూడండి. గులాబీ మరక వస్తే ఆ ఎరుపును విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. ఊదా మఖమల్ అయితే నూగు అంతా ఒకే దిక్కున ఉండాలి, లేకపోతే ఒకే తానులోని ముక్కలు రెండు రంగుల్లా కనిపిస్తాయి.

చిహ్నాల్లో తప్పులు చూస్తే ఇంకా కష్టమేస్తుంది. ఎలిజబెత్ రాణి పేరు అక్షరాలతో వేసే రాజముద్రలో ఉండేది సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం, దాని కమానులు నడిమిన కిందికి వంగుతాయి. చార్లెస్ ముద్రలో ట్యూడర్ కిరీటం, కమానులు గుండ్రంగా పైకి లేస్తాయి. ఒకరి అక్షరాల మీద ఇంకొకరి కిరీటం పెట్టొద్దు. 1953లో ఎలిజబెత్ పట్టాభిషేకపు గౌనులో దాన్ని రూపొందించిన నార్మన్ హార్ట్‌నెల్ ముఖాలేవీ పెట్టలేదు. ఇంగ్లండుకు గులాబీ, స్కాట్లండుకు తిసిల్ అనే ముళ్లపువ్వు, మనకు తామర, పాకిస్తాన్‌కు గోధుమ, పత్తి, జనపనార. 2023లో చార్లెస్‌కు అభిషేకం చేసేటప్పుడు చుట్టూ అడ్డుపెట్టిన తెర మీద చెట్టుకు 56 ఆకులు కుట్టారు, కామన్వెల్త్‌లోని దేశానికొకటి చొప్పున. అది చాలదా?

బంగారు దారం విషయంలో మగ్గం పని తెలిసినవాళ్లు ముందుంటారు. గట్టి జరీని గుడ్డలోంచి లాగకూడదు, పై పొర ఒరిసిపోతుంది. గుడ్డ మీద పరిచి, మైనం రాసిన సన్నదారంతో కొద్దికొద్ది దూరంలో కట్టి, కొసలు మాత్రం వెనక్కి దించాలి. మెషిన్ మీద మెటాలిక్ దారం పదేపదే తెగుతుంటే పెద్ద కన్ను సూది, 90 నంబరు, పెట్టండి. పైదారం బిగువు తగ్గించి, నెమ్మదిగా నడపండి.

ఎక్కువమంది చెడగొట్టేది పై గుడ్డ, దూది, వెనక గుడ్డ మూడు పొరలనూ చివర్లో కలిపే కుట్టులో. మధ్యలో అక్షరాలు పాడవుతాయని అక్కడ కుట్టరు, అంచుల్లో మాత్రం దట్టంగా కుట్టేస్తారు. కుట్టిన చోట గుడ్డ కుంచించుకుపోతుంది, కుట్టని మధ్యభాగం బుడగలా ఉబ్బుతుంది. దూది పొర ప్యాకెట్ మీద కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది, మధ్యలోనూ దాన్ని దాటొద్దు. అక్షరాల చుట్టూ, పూల అంచుల వెంట కుడితే ఏదీ పాడవదు. మూడు పొరలూ కలిపి కచ్చాకుట్టు వేసేటప్పుడు మధ్య నుంచి బయటికి రావాలి.

చీటీని చివర్లో అతికించడం మానండి. పేరు, ఊరు, సందర్భం తేదీ, కుట్టు పూర్తయ్యే ఏడు ఒక నూలు ముక్క మీద కాడకుట్టుతో కుట్టి, పొరలు కలపకముందే వెనక గుడ్డకు తగిలించండి. పొరల కుట్టు దాని మీదుగా కూడా వెళ్తుంది కాబట్టి, తర్వాత ఎవరైనా విప్పాలన్నా బొంతంతా విప్పాల్సిందే.