అంగట్లో అనుభవం

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, టెస్టింగ్, క్లౌడ్ పాఠాలు చెప్పే గదుల పక్కనే అనుభవం కూడా అమ్ముతారు. ఇది రహస్యమేమీ కాదు. బీటెక్ అయి ఏడాది తిరిగినా ఉద్యోగం రాని పిల్లవాణ్ని కూర్చోబెట్టి 'రెండేళ్లు పెడదామా, మూడేళ్లా?' అని అడుగుతారు. డబ్బు పెరిగితే సంవత్సరాలు పెరుగుతాయి. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఒకే చోట తయారవుతాయి. దీనికి 'ఫేక్ పెట్టడం' అని పేరు కూడా స్థిరపడిపోయింది. ఇళ్లల్లో పెద్దవాళ్లకూ ఆ మాట తెలుసు. 'మా వాడు కూడా ఫేక్ పెట్టాడండీ, దేవుడి దయవల్ల వెరిఫికేషన్ దాటేసింది' అని పక్కింటివాళ్లతో చెప్పుకునే దాకా వచ్చాం. మమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది ఈ మాటను ఇంత మామూలుగా అనగలగడమే.

తిట్టే ముందు ఆ పిల్లవాడు నిలబడ్డ చోటు చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏటా లక్షకు పైగా మంది ఇంజినీరింగ్‌లో చేరుతున్నారు. క్యాంపస్‌లోనే ఉద్యోగం దొరికేది కొందరికే. మిగిలినవాళ్లు జాబ్ పోర్టల్ తెరిస్తే 'ఎంట్రీ లెవెల్' అని రాసిన ఉద్యోగానికీ రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు. ఎస్సార్ నగర్ హాస్టల్‌లో నెలనెలా అద్దె కట్టాలి. నాన్న పొలం మీద తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటుంది. 'ఏం చేస్తున్నావు బాబూ' అని అడుగుతారని పండక్కి ఊరెళ్లడం మానేసిన పిల్లలు ఎంతమంది లేరు! అలాంటివాడికి పాతికేళ్లైనా నిండకముందే ఎవరో వచ్చి 'అందరూ పెడుతున్నారు, నువ్వొక్కడివే నిజాయతీగా ఉండి ఏం సాధిస్తావు' అంటే ఆ మాట చెవికెక్కుతుంది.

ఖాళీ సంవత్సరాల సంగతి ఇంకా అన్యాయం. గ్రూప్స్ కోసం అశోక్‌నగర్ గదుల్లో మూడేళ్లు చదివి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి, చివరికి సాఫ్ట్‌వేర్ వైపు తిరిగివచ్చిన యువకుడికి ఆ మూడేళ్లూ మచ్చే. కాన్పు కోసమో, అత్తగారి జబ్బు కోసమో ఉద్యోగం మానేసిన అమ్మాయికీ అంతే. 'గ్యాప్ ఎందుకొచ్చింది?' అని ఇంటర్వ్యూలో అడిగే తీరు చూస్తే ఏదో నేరం చేసొచ్చినట్టు ఉంటుంది. ఇంట్లో మనిషిని చూసుకోవడం దాచుకోవలసిన విషయమైన చోట జనం దాన్ని దాచడమే నేర్చుకుంటారు. ఈ భయాన్ని పెంచి పోషించింది కంపెనీలే. తప్పులో వాటి వాటా చిన్నది కాదు.

అయినా ఇది తప్పు కాకుండా పోదు.

మన సంప్రదాయంలో అబద్ధానికి మినహాయింపులు లేకపోలేదు. వామనుడికి మూడడుగుల నేల ఇస్తానన్న బలిని ఆపడానికి శుక్రాచార్యుడు ఆ జాబితా చదివాడు: పెళ్లి విషయంలో, ప్రాణం పోయేటప్పుడు, ధనం పోయేటప్పుడు, మానం పోయేటప్పుడు బొంకినా పాపం రాదని. ఫేక్ పెట్టినవాళ్లను సమర్థించేవాళ్లూ తెలిసో తెలియకో ఇదే వాదన చెబుతారు. బతుకుదెరువు కోసం చెప్పిన అబద్ధం, ఎవరికి నష్టం అంటారు. ఆ మాట విన్న బలి ఒప్పుకోలేదన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తుచేయరు. ఇక్కడ నష్టపోయేవాడు ఉన్నాడు కూడా. అదే హాస్టల్‌లో, బహుశా పక్క మంచం మీదే ఉన్నాడు. 'ఫ్రెషర్' అని ఉన్నదున్నట్టు రాసుకున్నందుకు అతని రెజ్యూమె తెరవకుండానే పక్కకు వెళ్లిపోయింది. మోసపోయింది కంపెనీ ఒక్కటే అయితే ఈ వ్యాసం ఇంత పట్టుదలగా రాసేవాళ్లం కాదు. నలుగురు మూడేళ్ల అనుభవం కొనుక్కుంటే, అయిదోవాడి నిజమైన సున్నా ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. రేపు వాడూ ఆ గది మెట్లు ఎక్కుతాడు.

ఇక పని జరుగుతుందా అన్న ప్రశ్న. ఒకప్పుడు జరిగింది. ఒక ఫ్లాట్‌కు బోర్డు, ఒక వెబ్‌సైట్, హెచ్ఆర్ పేరుతో ఒక ఫోన్ నంబరు ఉంటే సరిపోయేది. వెరిఫికేషన్‌కు ఎవరైనా ఫోన్ చేస్తే అనుభవం అమ్మినవాడే ఎత్తి 'అవునండీ, మా దగ్గరే చేశాడు' అనేవాడు. ఆ రోజులు పోయాయి. 2006లోనే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ ఉద్యోగుల వివరాల కోసం నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ తెచ్చింది. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్, అంటే కంపెనీలు మారినా మారని నంబరు వచ్చింది. ఎక్కడ ఎప్పుడు చేరాడో, ఎప్పుడు మానాడో ఒకే నంబరు కింద కనిపిస్తుంది. పాత నెలల పీఎఫ్ ఒకేసారి కట్టి కథ నడుపుదామన్నా, ఆ సొమ్ము ఏ రోజున జమైందో పాస్‌బుక్ చెప్పేస్తుంది. పన్ను కోత చూపిస్తే ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో అదీ ఉండాలి. కంపెనీ ఎప్పుడు రిజిస్టర్ అయిందో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ శాఖ 2017లో రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసింది. తాను పనిచేశానన్న సంస్థ పేరు అప్పటికే కొట్టేశారేమో చూసుకోవాలని ఫేక్ కొన్న పిల్లవాడికి తట్టకపోవచ్చు. అమ్మినవాడు ఆ మాట చెప్పడు.

2022 నవంబరులో ఐటీ సంస్థ యాక్సెంచర్ భారతదేశంలో కొందరిని తీసేసింది. లేని కంపెనీల పేరుతో పత్రాలు, అనుభవ లేఖలు సృష్టించి ఉద్యోగాలు పొందే పథకాన్ని గుర్తించామని బహిరంగంగానే చెప్పింది. ఒకసారి ఒక కంపెనీ పేరు నకిలీల జాబితాలోకి ఎక్కితే, దాని లేఖతో ఎప్పుడో చేరి, తర్వాత కష్టపడి పని నేర్చుకుని, మంచి పేరు తెచ్చుకున్నవాడికి కూడా సంజాయిషీ ఇమ్మని పిలుపు వస్తుంది. ఇంత వయసొచ్చాక, ఇంటి లోను కడుతుండగా వస్తుంది.

ఎన్నేళ్లు గడిచినా ఇది పాతబడదు. అమెరికాలోని ప్రఖ్యాత విద్యాసంస్థ ఎంఐటీలో ప్రవేశాల విభాగం డీన్‌గా ఉన్న మారిలీ జోన్స్, 1979లో ఉద్యోగంలో చేరినప్పుడు లేని డిగ్రీలు రాసుకున్నారు. 28 ఏళ్ల తర్వాత, 2007 ఏప్రిల్‌లో అది బయటపడి రాజీనామా చేశారు. పని చేతకాక పోగొట్టుకున్న ఉద్యోగం కాదది. ఆమె పనికి మంచి పేరుంది. యాహూ అధిపతి స్కాట్ థాంప్సన్ 2012లో నాలుగు నెలలకే వెళ్లిపోవలసి వచ్చింది. ఆయనకు అకౌంటింగ్ డిగ్రీ నిజంగానే ఉంది, ఆయన వివరాల్లో పక్కన కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కూడా ఉన్నట్టు కనిపించింది. అంత స్థాయి మనిషికి ఆ అదనపు మాట అవసరమే లేదు.

మన ఊళ్లో ఇంతకంటే పెద్ద పాఠం ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖలో, లెక్కల్లో మొదట చిన్న తేడాయే ఉందని, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతూ పోయిందని ఒప్పుకున్నారు. కంపెనీ ఖాతాకూ ఒక మనిషి రెజ్యూమెకూ తేడా పెద్దదే కావచ్చు, కానీ అబద్ధం పెరిగే తీరు ఒకటే. రెండేళ్లు కలిపినవాడు తర్వాతి కంపెనీలోనూ ఆ రెండేళ్లు చూపించాలి. జీతం దాని మీదే కట్టారు కాబట్టి పని కూడా ఆ స్థాయిలోనే ఇస్తారు. చేతకాకపోతే 'జాబ్ సపోర్ట్' పేరుతో నెలకింత అని ఇంకొకడికి ఇచ్చి తన పని చేయించుకుంటాడు. ఇంటర్వ్యూలో పెదాలు తనవి, గొంతు వేరొకరిది అయిన ప్రాక్సీలూ చూశాం. పెళ్లిచూపుల్లో ప్యాకేజీ గురించి, అనుభవం గురించి చెప్పేది కూడా ఆ కాగితం ప్రకారమే. కట్టుకున్న మనిషికి నిజం ఎప్పుడు చెప్పాలో తెలియని టెన్షన్ ఎవరి శత్రువుకూ వద్దు.

అమెరికా వెళ్లిన మన పిల్లల పరిస్థితి మరీ ఇరుకు. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి కాలంలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. లక్షల అప్పు తలమీద ఉంటుంది. కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో చేరి 'మార్కెటింగ్‌లో ఉన్నాను' అంటారు, అంటే కన్సల్టెన్సీ తన రెజ్యూమెను కంపెనీలకు తిప్పుతోందని. నిన్నటి దాకా తరగతిలో కూర్చున్న పిల్ల రెజ్యూమెలో ఏడేళ్లు వచ్చి చేరతాయి. ఆ ఏళ్లే రేపు వీసా దరఖాస్తులోకి, అనుభవ పత్రాల్లోకి ఎక్కితే విషయం కంపెనీ చేతులు దాటిపోతుంది. ఇమిగ్రేషన్ ప్రయోజనం కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధమాడినట్టు తేలితే ఆ దేశంలో అడుగుపెట్టకుండా జీవితకాలం నిషేధం పడవచ్చు. ఇక్కడి చట్టమూ తక్కువది కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం మోసం కోసం పత్రాలు ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. 340వ సెక్షన్ నకిలీ పత్రమని తెలిసీ వాడినవాణ్ని, తయారుచేసినవాడితో సమానంగానే చూస్తుంది. 'నేను కొన్నానంతే' అన్న మాట పనికిరాదు.

అన్ని అబద్ధాలూ ఒకే బరువు తూగవని మేమూ ఒప్పుకుంటాం. పైథాన్ కొంచెం వచ్చినవాడు 'బాగా వచ్చు' అని రాస్తే ఇంటర్వ్యూలో పది నిమిషాల్లో తేలిపోతుంది, దాన్ని ఆశ అనుకోవచ్చు. ఉద్యోగ దరఖాస్తుల్లో క్రిమినల్ కేసుల వంటి సమాచారం దాచిన వ్యవహారంపై 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, వివరాలు నిజంగా ఉండాల్సిందేనంటూనే, కుర్రతనంలో నినాదాలు చేసిన కేసులాంటి అల్ప విషయాన్ని యాజమాన్యం వదిలేయవచ్చని చెప్పింది. ఆ విచక్షణ అవసరం. అయితే లేని కంపెనీలో చేయని పనికి లేని జీతం చూపించడం అల్ప విషయం కాదు. 2011లో కొందరు విమాన పైలట్లు నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సు తెచ్చుకున్నారని తేలినప్పుడు దేశం ఉలిక్కిపడింది. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్, బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల విషయంలో మనకు ఆ ఉలికిపాటు ఎందుకు లేదో ఆలోచించాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ అలవాటు ఉద్యోగం వేటలో మొదలు కాలేదు. ఫైనలియర్ ప్రాజెక్టును ఇదే అమీర్‌పేటలో రిపోర్టుతో సహా కొనుక్కుని సమర్పించినప్పుడే మొదలైంది. కొన్నదని కాలేజీకి తెలుసు, వైవా తీసుకున్నవారికీ తెలుసు. తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులను, నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న హోర్డింగులను నాలుగేళ్లు చూసిన పిల్లవాడు లోకం నడిచేది ఇలాగే అనుకుంటే ఆశ్చర్యం ఏముంది? పట్టా చేతికి రాకముందే వాడికి మొదటి ఫేక్ అంటగట్టింది మనమే.

అందుకే పోలీసులు, యంత్రాంగం ముందు పట్టుకోవలసింది అమ్మేవాళ్లను. పత్రాలతో దొరికిన కుర్రాడి మీద కేసు పడుతుంది, అమ్మినవాడు బోర్డు మార్చుకుని పక్క వీధిలో తెరుస్తాడు. ఈ తంతు ఆగాలి. ఇప్పటికే ఫేక్‌తో లోపలికి వెళ్లినవాళ్లకు మా విన్నపం ఒకటే: తర్వాతి కంపెనీకి దాన్ని మోసుకెళ్లకండి. నిజంగా చేసిన ఏళ్లే రాయండి, జీతం కాస్త తగ్గినా సరే. కంపెనీలు కూడా ఏళ్లు లెక్కపెట్టడం మాని చేతికి ఒక పనిచ్చి చూడాలి. ఖాళీ ఎందుకొచ్చిందో ఒక్క వాక్యంలో రాసుకునే చోటు దరఖాస్తులో ఉంచి, దాన్ని గౌరవంగా చదవాలి.

ఒక దారి చట్టంలో ఇప్పటికే ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని ఆ నిబంధనలు చెప్పాయి. డబ్బు తక్కువే, హైదరాబాద్‌లో హాస్టల్‌కు, బస్సుకు సరిపోతుంది. కానీ అది నిజమైన అనుభవం, నిజమైన పత్రం, ఎవరు ఫోన్ చేసి అడిగినా భయం లేనిది. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో, విశాఖలో 30 మంది దాటిన ఎన్ని సంస్థలు ఈ నియమం పాటిస్తున్నాయో రెండు రాష్ట్ర ప్రభుత్వాలు సంస్థల వారీగా లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. వచ్చే బ్యాచ్ పట్టాలతో బయటికి రాకముందే ఆ పని జరగాలి.