యజమాని ఊళ్లో లేనప్పుడు పూసే మొక్క

కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు సంక్రాంతి సెలవుల్లో కడియం మీదుగా ప్రయాణం పెట్టుకోకూడదు. కడియపులంక వచ్చేసరికి రోడ్డు పొడుగునా నర్సరీలే, కారు దానంతటదే ఆగుతుంది. జనవరి చలికి పిటూనియాలు విరగబూసి ఉంటాయి. ఆకుపచ్చ నెట్టు నీడలో హైడ్రాంజియాలు కాలీఫ్లవరంత గుత్తులు వేసుకుని కూర్చుంటాయి.

"ఇది బెజవాడ ఎండకి ఆగుద్దా?"

"ఆయ్, ఎందుకాగదండీ! నీళ్లోసుకుంటే సరిపోద్దండి."

అబద్ధమేం కాదు. నీళ్లతో పాటు ఊటీని కూడా పోసుకోవాలని చెప్పలేదంతే.

డిక్కీ నిండాక నర్సరీ అతను కొసరుగా ఎండుపుల్లలాంటి కాగితం పూల మొక్క ఒకటి చేతిలో పెడతాడు. ఇల్లాలు మొహం చిట్లిస్తుంది. అది గేటు పక్కకి, మిగతావి మెట్ల మీదికి.

పిటూనియాలది చలికాలపు ముచ్చటే. శివరాత్రికి చలి శివశివా అని పోతుంటే అవీ సర్దుకోవడం మొదలుపెడతాయి. హైడ్రాంజియా మాత్రం ఉగాది దాకా ఉండి నాటకం ఆడుతుంది. మధ్యాహ్నం వాలిపోతుంది, సాయంత్రానికి లేస్తుంది. ఆకు నుంచి ఆవిరి పోయినంత జోరుగా వేరు నీళ్లు తోడలేకపోవడమే దానికి కారణం. కుండీలో మట్టి తడిగానే ఉంటుంది. అయినా ఇంటాయన ఊరుకోడు, మూడు పూటలా పోస్తాడు. వేరు కుళ్లుతుంది. ఈసారి వాలిన మొక్క రాత్రికి కూడా లేవదు. పాపం దాహం కాబోలని నాలుగో పూట పోస్తాడు. వేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే చెంబు ఎత్తాలి. ఆ వేలు ఎప్పుడూ ఫోన్ మీదే ఉంటుంది.

గులాబీది ఇంకో కథ. నర్సరీ మొక్క వేళ్ల చుట్టూ ఉండేది జిగట మట్టి ముద్ద. దాన్ని అలాగే కుండీలో దింపేస్తే, పోసిన నీళ్లు పక్కల నుంచి జారి కిందికి పోతాయి, ముద్ద లోపల ఎండిపోతుంది. అరగంట బకెట్లో నానబెట్టి, పైపై మట్టి వదిలించి నాటాలి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలపాలి, నాటు మొదలుకి మేలు రకం అంటు కట్టిన అతుకు మట్టికి పైనే ఉండాలి. ఇవేవీ చేయని ఇంట్లో ఏప్రిల్లో కొమ్మలు నల్లబడతాయి. ఉన్నట్టుండి మొదట్లోంచి ఒక రెమ్మ గెడకర్రలా లేస్తుంది. "బతికిందోయ్!" అని ఇంటాయన వీధంతా పిలిచి చూపిస్తాడు. అది అతుకు కింద నుంచి వచ్చిన నాటు గులాబీ. ఆకుల లెక్క కూడా తేడాగానే ఉంటుంది: పై అంటుకి మామూలుగా ఒక్కో కాడకి అయిదాకులైతే దీనికి ఏడు. అద్దెకున్నవాడు ఖాళీ చేశాడు, ఓనరు దిగాడు.

పక్కింటి మామ్మగారి పెరట్లో నందివర్ధనం, నూరు వరహాలు, బిళ్ళ గన్నేరు, దేవగన్నేరు బియ్యం కడిగిన నీళ్లతోనే నిండుగా ఉంటాయి. ఆవిడ సూత్రం ఒక్కటే: "మొక్కని నర్సరీలో కాదు నాయనా, రోహిణి కార్తెలో వీధిలో చూసి ఎంచుకోవాలి." మిట్టమధ్యాహ్నం హైవే డివైడర్ మీద ఏ దిక్కూ లేకుండా పూసే గన్నేరుని మించిన సర్టిఫికెట్ లేదు. దాని పాలు, ఆకులు విషం, కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. నూరు వరహాలకి బోరు నీళ్ల సున్నం పడదు. ఈనెలు పచ్చగా ఉండి లేతాకులు పసుపెక్కితే ఇనుము అందనట్టు. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లని పూట పిచికారీ చేయాలి. మందారకి పిండినల్లి పడితే ముందు పైపుతో గట్టిగా కడిగి, ఆ తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి.

ఇంతలో గేటు పక్కన ఎవరూ పట్టించుకోని కాగితం పూల మొక్క మే ఎండలో రాణీరంగులో భగ్గుమంటుంది. ఇంటాయనకి కన్నీళ్లాగవు. ఆ రోజు నుంచి దానికి రోజూ రెండు బకెట్లు, వారానికో గుప్పెడు యూరియా. మొక్క గోడెక్కుతుంది, కరెంటు తీగ అందుకుంటుంది, ఆకులే ఆకులు. ఒక్క పువ్వు ఉండదు. నిజానికి మనం పువ్వనుకునే ఆ రంగు కూడా ఆకుదే, అసలు పువ్వు మధ్యలో ఉండే తెల్లటి చుక్క. రోజుకి ఆరు గంటల ఎండ, కాస్త దప్పిక ఉంటే ఆ రంగు తిరుగుతుంది. నీళ్లు, నత్రజని ఎక్కువైతే పెరగడమే సుఖంగా ఉంటుంది, పూయాల్సిన అవసరమే కనిపించదు.

కార్తీకంలో మేనకోడలి పెళ్లికని ఇంటిల్లిపాదీ రెండు వారాలు ఊరెళతారు. మొక్క గతి తలుచుకుని ఇంటాయనకి అక్కడ ముద్ద దిగదు. తిరిగొచ్చి చూస్తే సగం ఆకులు రాలి, కొమ్మల చివర్ల నిండా రాణీరంగు విచ్చుకుంటూ ఉంటుంది.

"చూశావా, నా యూరియా ఇప్పటికి పట్టింది!" అంటూ ఆయన చెప్పులు కూడా విప్పకుండా బకెట్ కోసం పరిగెడతాడు.