పెరటి తీగకు పేటెంటు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. పాపం, వాళ్లకు పేటెంటు చట్టం తెలియదు. వైద్యం సంగతి ఎలా ఉన్నా, పేటెంటుకు మాత్రం పెరటి చెట్టే శ్రేష్ఠమని 1986లో అమెరికా ప్రభుత్వం రుజువు చేసింది.

ఆ ఏడాది జూన్‌లో లోరెన్ మిల్లర్ అనే అమెరికన్‌కు 5,751 నంబరు మొక్కల పేటెంటు దక్కింది. మొక్కకు ఆయన పెట్టుకున్న పేరు ‘డా వైన్’. ఊళ్లో పేరు అయహువాస్కా. అమెజాన్ తెగలు తరతరాలుగా కషాయం కాచుకుంటున్న తీగ అది. మిల్లర్‌గారు దాపరికం ఎరగని మనిషి. ఈ మొక్క అమెజాన్ అడవిలో ఒక ఇంటి పెరట్లో పెరుగుతుండగా కనుగొన్నట్టు పేటెంటులోనే ఉంది. పెరడంటే ఎవరో ఒకరు నాటి ఉంటారు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఇంటివాళ్లు రోజూ చూస్తే అది ఉత్త చూడటమే. కనుగొనాలంటే విమానం దిగి రావాలి. మరి కొత్తదనం ఏమిటంటారా? పూల రంగు. గులాబీ రంగులో పూసి, రానురాను తెల్లబడతాయట.

అడవివాళ్ల పద్ధతి చూస్తే జాలేస్తుంది. తీగను ముక్కలుగా కోసి, కర్ర సుత్తితో పీచు పీచుగా చితగ్గొడతారు. ఆ పీచు ఒక వరస, చక్రూనా అనే మరో మొక్క ఆకులు ఒక వరస కుండలో పేర్చి, నీళ్లు పోసి గంటల తరబడి కాస్తారు. చివరికి మిగిలేది చిక్కటి గోధుమరంగు కషాయం, పరమ చేదు. తాగినవాడు చాలావరకు వాంతి చేసుకుంటాడు, వాళ్ల లెక్కలో అదీ వైద్యమే. ఆకులో లేనివి కనిపించేలా చేసే డీఎంటీ అనే పదార్థం ఉంటుంది. ఉత్త ఆకే కాచి తాగితే ఒంట్లోని ఒక ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. తీగలోని హార్మిన్ లాంటి పదార్థాలు ఆ ఎంజైమ్‌కు అడ్డుపడి, ఆకును పనిచేయనిస్తాయి. (డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్లు ఈ కషాయం తాగితే ప్రాణం మీదికి రావచ్చు. ఇది మాత్రం వెటకారం కాదు.) వేల రకాల మొక్కలున్న అడవిలో ఈ జంటనే ఎలా పట్టుకున్నారయ్యా అంటే, మొక్కలే చెప్పాయి అంటారు అక్కడి వైద్యులు. మొక్క సాక్ష్యం ఏ ఆఫీసులో చెల్లుతుంది?

పెరూ అమెజాన్‌లోని షిపిబో తెగలో వైద్యుడు కావాలంటే ఉప్పు, పంచదార, పంది మాంసం, సంసారం అన్నీ మానేసి నెలల తరబడి ఒక్కో మొక్కతో పరిచయం పెంచుకోవాలి. ఇకారోలనే వైద్యపు పాటలు నేర్చుకోవాలి. తీగ మీద కత్తి పెట్టేముందు పొగాకు పొగ ఊది, దాని అనుమతి అడిగేవాళ్లూ ఉన్నారు. మిల్లర్‌గారు ఇంత ప్రయాస పెట్టుకోలేదు. ఫారం నింపారు.

1999లో తొమ్మిది దేశాల అమెజాన్ ఆదివాసీల సమాఖ్య కోయికా ఫిర్యాదు చేసింది. ఇది మా పవిత్రమైన తీగ అని మొత్తుకుంది. ఆ నవంబరులో పేటెంటు ఆఫీసు వాళ్ల పక్షానే చెప్పింది, కానీ పవిత్రత మాట విని కాదు. అచ్చం ఇలాంటి తీగే చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఎండబెట్టి అట్ట మీద అంటించి ఉందట, కాబట్టి కొత్తది కాదట! బతికున్న జనం మాట కన్నా ఎండిన కొమ్మ మాటకు విలువ ఎక్కువ. ఆ సంతోషమూ ఎక్కువ రోజులు నిలవలేదు. 2001లో మిల్లర్‌గారి పేటెంటు మళ్లీ ప్రాణం పోసుకుని, 2003లో గడువు తీరి సహజ మరణం పొందింది.

మనకూ ఈ అనుభవం ఉంది. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అదే ఆఫీసు పేటెంటు ఇచ్చింది. 1997లో అది రద్దయ్యేలోపు మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రిక వ్యాసం మోసుకెళ్లాల్సి వచ్చింది. మోకాలు చెక్కుకుపోతే పసుపు అద్దిన అమ్మమ్మలు కోట్ల మంది. ఒక్కరైనా తేదీ వేసి సంతకం పెట్టారా?

2008లో పెరూ ఈ తీగ తాలూకు ఆదివాసీ జ్ఞానాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. అక్కడి అమెజాన్ నగరం ఇకీటోస్‌లో విమానం దిగి, వారంలో ప్రకృతితో బంధం కలుపుకుని వెళ్లిపోయే భక్తులకు ఇప్పుడు కొదవ లేదు. తీగ ముదరడానికి ఏళ్లు కావాలి, భక్తుడికి ఉన్నవి పది రోజుల సెలవులు. దాంతో ముదురు తీగ కోసం అడవిలో ఇంకా లోపలికి పోవాల్సి వస్తోంది. గౌరవం పెరిగేకొద్దీ తీగ తగ్గుతుంది, ఏం చేస్తాం.

నేనైతే జాగ్రత్తపడ్డాను. మా ప్రహరీ మీద తిప్పతీగ ఉంది. నిన్న సాయంత్రం ఒక ఆకు కోసి, ఏ4 కాగితం మీద జిగురుతో అంటించి, తేదీ వేసి సంతకం పెట్టాను. “దీపాలు పెట్టాక చెట్టు మీద చెయ్యి వేస్తావేంట్రా, అవి నిద్రపోతుంటే!” అని మా అమ్మ కేకలేసింది. ఆ మాటకు రాతపూర్వకమైన ఆధారం ఏదైనా ఉందా అని అడిగాను.