సవరణ: ఆపరేషన్ వికటించాక సర్జన్ల మనసు గురించి

మొన్నటి పోస్టులో "కాంప్లికేషన్ వస్తే సర్జన్లు మార్బిడిటీ, మోర్టాలిటీ మీటింగ్‌లో మాట్లాడుకుని తేలికపడతారు" అని ఉన్న వాక్యాన్ని తీసేశాను. ఆపరేషన్ల తర్వాత వచ్చిన ఇబ్బందుల్నీ, మరణాల్నీ డాక్టర్లు కలిసి సమీక్షించే ఆ మీటింగ్ పెట్టేది కారణం వెతకడానికి, ఓదార్చడానికి కాదు. అందరి ముందూ జవాబు చెప్పుకుని ఇంకా కుంగిపోయి వచ్చేవాళ్లూ ఉంటారు. పేగు కుట్టిన చోట లీకైతే చాలాసార్లు ఆ సంగతి కొన్ని రోజులకుగానీ బయటపడదు, అప్పటిదాకా పొద్దునా సాయంత్రం పొట్టలోని ద్రవాన్ని గొట్టంతో బయటికి తెచ్చే డ్రెయిన్‌లో రంగు చూసుకోవడం, అర్ధరాత్రి డ్యూటీ నర్సుకు ఫోన్ చేసి పల్స్ ఎంతుందని అడగడం, తర్వాతి కేసులో అదే కుట్టు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగిపోవడం, ఇవేవీ అక్కడ చర్చకు రావు. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1911–1916 మధ్య తన ఆసుపత్రిలోని 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు లెక్కతేల్చి అచ్చువేశాడు. గొప్ప ధైర్యమే, కానీ దాంతో టెన్షన్ తీరుతుందని కాదు. నాకు తెలిసి అసలు ఊరట, ఇలాంటిదే తనకూ జరిగిందని చెప్పే సీనియర్ పక్కన కూర్చున్నప్పుడే దొరుకుతుంది.