సవరణ: జీటీఏ 6 ఆన్‌లైన్ గురించి

జీటీఏ 5 వీడియో గేమ్, దాని ఆన్‌లైన్ (నెట్‌లో నలుగురితో కలిసి ఆడే భాగం) ఒకే రోజు వచ్చాయని, కాబట్టి కొత్త జీటీఏ 6కీ అలాగే రావచ్చని మొన్న రాశాను. తప్పు. గాజువాక నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి మరీ చెప్పాడు, "అన్నా, రెండు వారాలు తేడా ఉంది" అని. నిజమే. ఆట 2013 సెప్టెంబర్ 17న వచ్చింది, ఆన్‌లైన్ అక్టోబర్ 1న మొదలైంది. అప్పుడు కూడా సర్వర్లు మొరాయించి చాలామంది లోపలికే వెళ్లలేకపోయారు.

ఇంకోటి. ఎంవీపీ కాలనీలో మా బ్యాచ్ జీటీఏ 6ని కంప్యూటర్లో ఆడదామని అప్పుడే గ్రాఫిక్స్ కార్డుల బేరాలాడుతోంది. ఆగండ్రా బాబూ! విడుదల ప్రకటన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ అనే గేమ్ కన్సోళ్లకే ఇచ్చారు. పీసీ ఊసే లేదు.

నాకు ఆశ తగ్గలేదు. కానీ ఆన్‌లైన్ వచ్చిన మొదటి వారం మాత్రం సాయంత్రాలు బీచ్ రోడ్డులోనే ఉంటాను.