సవరణ: అవి ఉత్త ఆయిల్ పెయింటింగులు కావు

పాలకొల్లు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఒకావిడ బొమ్మల ప్రదర్శన గురించి మొన్న రాస్తూ, అన్నీ ఆయిల్ పెయింటింగులేనని, వాటిమీద లేసు కూడా కుంచెతో వేసిందేనని తెగ పొగిడేశాను. తప్పు. నిన్న మళ్లీ రాజమండ్రి వెళ్లి ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తే అది నిజం లేసే, వాళ్ల అమ్మమ్మ పెట్టెలోదట, ఒక మూల ముడి ఊడి దారం వేలాడుతోంది కూడా. పక్కనే కొబ్బరి పీచు, పాత ఉత్తరాల ముక్కలు. అడుగున అక్రిలిక్ (నీళ్లలో కలిపే రంగు), దానిమీద జిగురుతో ఇవన్నీ, ఆయిల్ రంగు చిట్టచివర అక్కడక్కడా మాత్రమే. ఆయిల్ మీద అక్రిలిక్ వేస్తే పట్టదు, పెచ్చులూడిపోతుంది, అందుకే ఆ వరస. మిక్స్‌డ్ మీడియా అనాలి దీన్ని.

ఇంకోటి, నర్సాపురం లేసు డచ్చివాళ్లు నేర్పారన్నాను. లేసు అల్లే మా పిన్ని ఫోన్ చేసి చివాట్లు పెట్టింది. నేర్పింది 19వ శతాబ్దపు క్రైస్తవ మిషనరీలు. డచ్చివాళ్లు అంతకు చాలా ముందు వర్తకానికొచ్చినవాళ్లు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 30 ఏళ్లకి పోయారని రాసిందీ తప్పే, 1897లో పుట్టి 1925లో పోయారు, 28 నిండలేదు.

ఆ ప్రదర్శనలో బొమ్మల ధరలు ఎక్కువన్న మాట మాత్రం మార్చట్లేదు.