డిపాజిటర్ల ప్రయోజనాల దృష్ట్యా

రిజర్వ్ బ్యాంకు వారికి డిపాజిటర్లంటే ప్రాణం. అందుకే ఏ సహకార బ్యాంకైనా మునిగితే ముందు డిపాజిటర్ చేతులే కట్టేస్తారు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం సెక్షన్ 35ఏ కింద ఆదేశం వస్తుంది: మీ డబ్బు మీరు తీసుకోకూడదు. ఎందుకయ్యా అంటే, మీ ప్రయోజనం కోసమే. చివర మంగళహారతిలా ఒక వాక్యం: దీన్ని బ్యాంకు లైసెన్సు రద్దుగా భావించరాదు. సరే, భావించం.

2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ (పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్) బ్యాంకు ఖాతాదారులను ఆరు నెలలకు వెయ్యి రూపాయలు తీసుకోమన్నారు. రోజుకు ఐదున్నర. పాస్‌బుక్కులో రిటైర్మెంటు డబ్బు 30 లక్షలున్న పెద్దాయన, కౌంటర్లో రెండు ఐదొందల నోట్లు అందుకుని ఇంటికొస్తాడు. "ఏమండీ, గ్యాస్ బండ అయిపోయింది." "మార్చి దాకా ఆగవే, మన ప్రయోజనాలు కాపాడుతున్నారు." "మీ షుగర్ మాత్రలో?" "అవి కూడా భావించరాదు."

అన్యాయంగా మాట్లాడకూడదు. మూడో రోజుకే వెయ్యిని పదివేలు చేశారు. గ్యాస్ బండ వచ్చింది. 30 లక్షలు రాలేదు.

ఇంతకీ ఆ బ్యాంకు చేసిందేమిటి? ఇచ్చిన అప్పుల్లో 70 శాతం పైగా హెచ్‌డీఐఎల్ అనే ఒకే బిల్డర్ గ్రూపుకు ధారపోసి, అది కనబడకుండా 21 వేలకు పైగా బోగస్ ఖాతాలు సృష్టించింది. ఏళ్ల తరబడి. మన సంతకం తోక కాస్త వంకర పోతే చెక్కు తిప్పిపంపే లోకమిది. చివరికి బ్యాంకు ఎండీయే లేఖ రాసి ఒప్పుకున్నాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ ఆ ఆర్నెల్లూ డిపాజిటర్‌కు వేశారు.

బుద్ధొచ్చిందా? 2025 ఫిబ్రవరిలో అదే ముంబైలో న్యూ ఇండియా కోఆపరేటివ్ బ్యాంకు ఖజానాలో 122 కోట్లు లేవని తనిఖీలో తేలింది. అన్నీ ఐదొందల నోట్లనుకున్నా 24,400 కట్టలు! ఇనప్పెట్టె తెరిచి లెక్కపెట్టడానికి ఎంతకాలం పట్టిందండీ? జనానికి మాత్రం ఒక్క రాత్రిలో ఆదేశం: ఒక్క రూపాయి కూడా తీయొద్దు. సిగ్గుండాలి! ఆడిటర్లు, డైరెక్టర్లు, తనిఖీ చేసినవాళ్లు, ఎవరి జీతమైనా ఆర్నెల్లకు వెయ్యి అయిందా?

డిపాజిట్లకు బీమా ఉంది, 2020 నుంచి ఐదు లక్షల దాకా. అంతకు మించిన సొమ్ముకు పీఎంసీ వాళ్లకు వాయిదాలు పెట్టారు, పదేళ్ల వరకు. మన పెద్దాయనకు 72. పదేళ్లు బతికి తీరాలని ఏ సెక్షన్ కింద ఆదేశమిస్తారో, అదీ చెప్పండి.